ప్రదర్శనకు మాత్రమే

ఆ ఊరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు కొత్త మరుగుదొడ్డి వచ్చిన రోజున, అక్కడ చదువుకుంటున్న నవనీత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. తర్వాత ఆ చేతుల్ని తానే తిట్టుకుంది గానీ, ఆ రోజుకు మాత్రం అవి మనసారా కొట్టిన చప్పట్లే.

కట్టడం అంత ముచ్చటగా ఉంది మరి. గోడలకు పాలరంగు పలకలు, లోపల తళతళలాడే కుళాయి, చేతులు కడుక్కునే తొట్టి, దాని మీద అద్దం, అద్దం పక్కన సబ్బుపెట్టె. తలుపు మీద చేతులు కడుక్కుంటున్న పాప బొమ్మ. రేపటి టీచర్లకు ఆరోగ్య విద్య సరిగా నేర్పిస్తే ఎల్లుండి పిల్లలందరూ ఆరోగ్యంగా ఉంటారని పైవాళ్లకు ఏదో శుభముహూర్తాన తట్టింది. తట్టిందే తడవుగా జిల్లాకొక 'ఆదర్శ ఆరోగ్య విద్యా సముదాయం' మంజూరైంది. పేరు ఎంత పెద్దదైనా, చూడబోతే మరుగుదొడ్డే. దాన్ని కట్టడానికి స్థలం కావాలి కనుక, ఆడపిల్లలు అంతదాకా వాడుకుంటున్న పాతదాన్ని పడగొట్టారు. ఆ పాతదానికి సగం తలుపే ఉండేది, పైకప్పు అసలే లేదు. అయినా లోపలికి వెళ్లిన మనిషి పని చూసుకుని బయటికి రాగలిగేది. కొత్తదానికి అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క సౌకర్యం తప్ప.

ఎందుకంటే, రిబ్బను కత్తిరించి పెద్దలు కార్లెక్కగానే అటెండరు మల్లేశం తెల్లరంగు డబ్బా, సన్న కుంచె పట్టుకుని వచ్చాడు. ఆ కాలేజీలో ఏ వస్తువు అడుగుపెట్టినా దాని మీద నంబరు పడాల్సిందే. బల్లలు, కుర్చీలు, గంట, గంట కొట్టే సుత్తి, దేన్నీ మల్లేశం వదలడు. ఒకసారి స్టాకు తనిఖీ రోజున వరండాలో పడుకున్న మేక మీద కూడా నంబరు వేశాడు. మేక గలవాళ్లు వచ్చి తోలుకుపోతుంటే, కాలేజీ ఆస్తిని గేటు దాటించడానికి పర్మిషన్ కావాలని సాయంత్రం దాకా పట్టుబట్టాడు. అలాంటి మల్లేశం తలుపు మీద, కుళాయి మీద, అద్దం మూలన, బకెట్టుకు, మగ్గుకు, సబ్బుకు, ఆఖరికి తలుపుకు వేలాడుతున్న తాళంకప్పకు కూడా 'బో.ఉ.' అని రాసి వరసగా నంబర్లు వేశాడు. బో.ఉ. అంటే బోధనోపకరణం. సముదాయం మొత్తం ఆ పద్దు కిందే వచ్చింది.

మర్నాడు నవనీత తాళంచెవి కోసం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లింది. సుదర్శనాచారి గారు డాక్టరేటు పట్టా ఉన్నవారు. బోధనోపకరణాల మీదే పరిశోధన చేసి ఆ పట్టా పుచ్చుకున్నారు.

"దేనికమ్మా తాళంచెవి?"

"వాష్‌రూంకు సార్."

"మన కళాశాలలో వాష్‌రూం ఎక్కడున్నదమ్మా?"

నవనీత కిటికీలోంచి వేలెత్తి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని అటు చూసి, చిన్నపిల్ల చంద్రుణ్ణి తెమ్మన్నట్టు జాలిగా నవ్వారు.

"అది బోధనోపకరణం. చూడమ్మా, మన ల్యాబులో గ్లోబు ఉన్నది. దాంతో బంతాట ఆడుతున్నామా? మట్టితో చేసిన అరటిపండు ఉన్నది. ఆకలేస్తే కొరుకుతున్నామా? అస్థిపంజరం ఉన్నది. దానికి పెళ్లిసంబంధాలు చూస్తున్నామా? మరి దీన్ని మాత్రం వాడాలని ఎందుకనిపించింది మీకు?"

"అరటిపండు ఉత్తదే సార్. ఇది నిజందే కద."

"నిజమైన వస్తువు బోధనోపకరణాలలో కెల్లా ఉత్తమోత్తమమైనది. అందుచేత మరింత భద్రంగా కాపాడుకోవాలి. 'ఉపకరణమును తగిన సమయమున ప్రదర్శించి, ప్రయోజనము నెరవేరిన వెంటనే తొలగించవలెను.' మొదటి సెమిస్టర్‌లోనే చెప్పి ఉంటారే మీకు?"

"చెప్పిన్రు సార్. మరి మేం ఎటు పోవాలె?"

"అది ఆరోగ్య విద్య పరిధిలోకి రాదమ్మా. భవనాల విభాగం వారు చూసుకోవలసిన అంశం."

ప్రయోజనం నెరవేరిన వెంటనే మరుగుదొడ్డిని తొలగించి బీరువాలో పెట్టడం ఎలాగో ఆయనకు కూడా అంతుపట్టలేదు. అందుకని దానికి అడ్డంగా నీలంరంగు తెర కట్టించారు. తెర మీద 'ప్రదర్శనకు మాత్రమే' అని అట్టముక్క వేలాడదీయించారు. పాఠం చెప్పేటప్పుడు తెర తీయాలి, పాయింటర్ కర్రతో చూపించాలి, పాఠం కాగానే తెర వేసెయ్యాలి.

ఇక మగపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ప్రహరీగోడ మీద 'ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు' అని ఎక్కడ రాసి ఉందో వెతుక్కుంటే వాళ్ల పని అయిపోతుంది. ప్రిన్సిపాల్ గారి ఇల్లు రోడ్డు దాటితే వస్తుంది. ఆయన గదికి ఆనుకుని ఒక బాత్రూం ఉంది గానీ, పాత జవాబుపత్రాల కట్టలు పైకప్పు దాకా ఉన్నందువల్ల అందులోకి దోమ కూడా దూరలేదు. బోధనా పద్ధతులు చెప్పే భూలక్ష్మి మేడం పక్కవీధి పిండిమర వాళ్లతో స్నేహం కలుపుకున్నారు. రోజుకు రెండుసార్లు వాళ్లింటికి వెళ్తారు, ఊరికే వెళ్తే బాగుండదని కాసిన్ని జొన్నలో గోధుమలో పట్టించుకొస్తారు. ఆవిడ ఇంట్లో రొట్టెలు తప్ప ఇంకో వంట లేకుండా పోయిందని మేడం భర్త స్టాఫ్‌రూంకే వచ్చి మొరపెట్టుకున్నారు.

ఆడపిల్లలు మాత్రం తేలికైన మార్గం కనిపెట్టారు. నీళ్లు తాగడం మానేశారు.

వాళ్లలో ఫర్హానా మరీ పట్టుదల గల మనిషి. నవనీతకు ప్రాణ స్నేహితురాలు. పొద్దు పొడవకముందే ఊళ్లో బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి కాలేజీకి వస్తుంది, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరుతుంది. వాళ్ల వంశంలో టీచరు కాబోయే మొదటి మనిషి తనే. వాళ్లమ్మ రోజూ సీసా నిండా నీళ్లు పోసి చేతికిస్తుంది. సీసా పొద్దున ఎంత నిండుగా వస్తుందో సాయంత్రం అంత నిండుగానూ తిరిగి వెళ్తుంది. వాళ్లమ్మ ఆ నీళ్లు పారబోయడానికి మనసొప్పక గుమ్మం పక్కన కరివేపాకు చెట్టుకు పోసేది. చెట్టు ఏపుగా పెరిగింది, పిల్లే వాడిపోయింది.

ఆ వారంలోనే ఆరోగ్య విద్యలో అభ్యాస పాఠాలు మొదలయ్యాయి. అక్కడ చదివేవాళ్లను ఛాత్రోపాధ్యాయులంటారు. ఒకరు టీచరుగా నిలబడి పాఠం చెప్పాలి, తక్కినవాళ్లు బల్లల మీద కూర్చుని ఐదో తరగతి పిల్లల్లా నటించాలి. వెనక కూర్చుని మేడం మార్కులు వేస్తారు. ఫర్హానాకు వచ్చిన పాఠం 'నీరు – ఆరోగ్యం'. చార్టు మీద ఎనిమిది గ్లాసులు చక్కగా బొమ్మ వేసుకొచ్చింది.

"పిల్లలూ, మనం రోజుకు కనీసం ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలి," అంది ఎండిన పెదాలు తడుపుకుంటూ. "తాగకపోతే ఏమవుతుంది?"

పిల్లలు జవాబు చెప్పేలోగా ఆమె కళ్లు తిరిగి చార్టుతో సహా కింద పడింది.

"భేష్!" అన్నారు భూలక్ష్మి మేడం. 'ఉదాహరణలిచ్చే నైపుణ్యం' అన్న గడిలో పూర్తి మార్కులు వేశారు. పిల్ల ఎంతకీ లేవకపోయేసరికి 'పాఠం ముగించే నైపుణ్యం' దగ్గర కొంచెం తగ్గించారు. అప్పటికి నవనీత బల్ల దూకి వెళ్లి ఫర్హానా తలను ఒళ్లో పెట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని, నీళ్లు బాగా తాగమని చెప్పింది. ఆ మాట విని ఫర్హానా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

"తాగితే ఎటు పోవాలెనే? మా అబ్బా సదువు బంజెయ్యమంటుండు. పానం పోయినంక టీచర్ నౌకరి ఎవనికి అని."

"పరీక్షలు దగ్గరికొచ్చినయి. జెరంత ఆపుకోవే."

"ఆపుకునుడే కదనే నా రోగం!"

నవనీతకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు ఆమె అరవదు, పాఠ్యపుస్తకం తీస్తుంది. అందులో ఆమెకు కావలసింది దొరికింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి ముందు ఒక లెసన్ ప్లాన్ పెట్టింది. అంశం: మరుగుదొడ్డి వినియోగం. పద్ధతి: ప్రదర్శనా పద్ధతి. లక్ష్యాలు, పిల్లల్ని ప్రశ్నలతో పాఠం వైపు తిప్పే ఉన్ముఖీకరణ, శీర్షిక ప్రకటన, నల్లబల్ల పని, మూల్యాంకనం, ఇంటిపని, అన్నీ ఎర్రసిరా గీతలతో సహా ఉన్నాయి.

"ప్రదర్శనా పద్ధతిలో టీచరు సొంతంగా చేసి సూపియ్యొచ్చు, లేదంటే ఒక పిల్లను పిలిచి చేపియ్యొచ్చు అని ఉన్నది కద సార్? ఇది ఉపకరణాన్ని వాడుడు కాదు సార్. ప్రదర్శించుడు."

సుదర్శనాచారి గారు కాగితాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఎక్కడా లోపం లేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇన్నేళ్ల సర్వీసులో ప్రదర్శనా పద్ధతిని ఇంత నిజాయితీగా అవలంబించిన ఛాత్రోపాధ్యాయురాలిని చూడలేదమ్మా," అని సంతకం చేశారు.

మొదటి పాఠం ఫర్హానాదే. తోటివాళ్లు తెర ఎదుట బల్లలు వేసుకుని పరిశీలన పత్రాలతో కూర్చున్నారు. ఫర్హానా రెండు ముక్కల్లో శీర్షిక ప్రకటించి, తాళం తీయించి, లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. పరిశీలకులు మూసిన తలుపును శ్రద్ధగా పరిశీలించారు. ఆమె చేతులు కడుక్కుని బయటికి వచ్చాక, మూల్యాంకనంగా ఒక్కటే ప్రశ్న అడిగింది: "అర్థమైందా పిల్లలూ?" అర్థమైందని పిల్లలందరూ ముక్తకంఠంతో చెప్పారు.

అంతే, కాలేజీలో ఆరోగ్య విద్య మీద ఎక్కడలేని మక్కువ పుట్టుకొచ్చింది. లెసన్ ప్లాన్లు రాయమంటే జ్వరం తెచ్చుకునేవాళ్లు కూడా పొద్దున్నే రాసుకుని వరసలో నిలబడుతున్నారు. పాపం ఒకమ్మాయి ఉన్ముఖీకరణ దాకా వచ్చి, ఇంక ఆగలేక, నేరుగా ప్రదర్శనలోకి పరుగెత్తింది. సోపానాలు దాటవేసినందుకు ఆమెకు మార్కులు తగ్గించారు. మార్కులు పోయినా ఆ పిల్ల సంతోషంగానే ఉంది. భూలక్ష్మి మేడం, చూసి నేర్చుకోమని, రోజుకు రెండు ఆదర్శ పాఠాలు తానే చెప్పడం మొదలుపెట్టారు. పిండిమర వాళ్లు ఆవిడకు ఒంట్లో బాగా లేదేమోనని కబురు పంపారు. ఫర్హానా రోజూ ఎవరో ఒకరి పాఠంలో చురుకైన విద్యార్థినిగా చేరిపోయి, సగం సీసా నీళ్లు తాగడం అలవాటు చేసుకుంది. ఛాత్రోపాధ్యాయులలో ఆరోగ్య విద్యాభిలాష వెల్లువెత్తుచున్నదని ప్రిన్సిపాల్ గారు పైకి నివేదిక పంపారు.

ఆ వెల్లువకు సబ్బు అడ్డుకట్ట వేసింది.

మల్లేశం ఒక ఉదయం అరచేతిలో సబ్బు పెట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చాడు.

"నంబరు లేదు సార్!"

"ఏ నంబరు?"

"సబ్బు మీది నంబరు సార్. రోజు ఏస్తున్న, రోజు పోతున్నది. రంగుతోని ఏస్తే పోయింది, మొలతోని గీకితే అది సుత పోయింది. నంబరు లేకుంటే ఇది మనదని ఎట్ల చెప్పాలె?"

సుదర్శనాచారి గారు హడలిపోయారు. బోధనోపకరణం అరుగుతోంది! అప్పటికప్పుడు అందరినీ సమావేశపరిచి, ఈ అంశం మీద ఒక్కో ఛాత్రోపాధ్యాయుడు కోర్సు మొత్తంలో ఒక్క పాఠం మాత్రమే చెప్పవలెనని, ఇదివరకు చెప్పినవారు చెప్పినట్లే లెక్కని, లెసన్ ప్లాన్ లేనిదే ఎంతటివారికైనా తాళం తీయరాదని ప్రకటించారు. భూలక్ష్మి మేడం మళ్లీ గోధుమల సంచీ వెతుక్కున్నారు.

పాఠాలు మూడోనాటికే అయిపోయాయి. వెల్లువ రోజుల్లో పక్కవాళ్ల పాఠాల్లో విద్యార్థినిగానే సరిపెట్టుకుంది కనుక, మిగిలింది నవనీతది ఒక్కటే. తనకు ఎంత అవసరమైనా ఆమె దాన్ని వాడుకోలేదు. ఫర్హానాకు మరీ ప్రాణం మీదికి వచ్చిన రోజున విద్యార్థినిగా పిలవవచ్చని దాచిపెట్టింది. కానీ ఫర్హానా ఆ పాఠాన్ని అడగనే లేదు. సీసా మళ్లీ నిండుగా ఇంటికి పోవడం మొదలైంది, ఈసారి జ్వరం కూడా వచ్చింది. ఒకనాడు లైబ్రరీ పుస్తకాలన్నీ సంచీలో వేసుకొచ్చింది.

"ఇయ్యాల ఇవి ఇచ్చేసి పోత. రేపటి సంది రాను," అంది. "నీ పాఠం నువ్వే వాడుకో."

నవనీతకు దుఃఖం పొర్లుకొచ్చింది. ఒక్క తాళంకప్ప కోసం ఒక టీచరు పోతోంది. అయితే ఆ పొద్దున లైబ్రరీ తెరవలేదు. ప్రిన్సిపాల్ గారి నివేదిక చదివి ముగ్ధులైన రాష్ట్ర పరిశీలకులు గజాననరావు గారు, ఆ వెల్లువను కళ్లారా చూడడానికి వస్తున్నారని అందరినీ హాల్లోకి తోలారు.

గజాననరావు గారు చాలా దూరం నుంచి కారులో వచ్చారు. ఎండగా ఉంది, పైగా ఆయన ఆరోగ్య విద్యకు పెద్ద, కనుక దారిపొడవునా ఆగి ఆగి కొబ్బరినీళ్లు తాగారు. కాలేజీలో దిగగానే నిమ్మరసం ఇచ్చారు. దాని వెనక మజ్జిగ, మజ్జిగ వెనక టీ. మర్యాదలో ఆ కాలేజీకి లోటు పెట్టే అలవాటు లేదు. ఆయనకు సన్మానం జరిగింది. సన్మానానికి జవాబుగా ఆయన లేచారు.

"ఆరోగ్యమనునది ఆచరణ కాదు, అవగాహన," అన్నారు. "ఆచరణ కాలక్రమమున మాసిపోవును. అవగాహన రికార్డులందు శాశ్వతముగా నిలిచియుండును. ఈ కళాశాల వారు ఉపకరణమును వాడక, అరగనీయక, పసిపాపను వలె సంరక్షించుచున్న తీరు నన్ను పులకింపజేసినది. ప్రణాళిక లేనిదే ద్వారము తెరువరాదన్న నిబంధన చిరస్మరణీయము. నిబంధనకు నేను గాని, మరెవ్వరు గాని అతీతులు కారు!"

చప్పట్లు మారుమోగాయి. పేపరు విలేకరి ఫొటో తీశాడు. గజాననరావు గారు ఇంకా మాట్లాడేవారే, కానీ వాక్యం మధ్యలో ఆయన ముఖం మారింది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చారు. మళ్లీ మొదటి కాలి మీదికి వచ్చారు. "ఇంతటితో విరమించుచున్నాను" అని చటుక్కున దిగి ప్రిన్సిపాల్ గారి చెవిలో ఏదో అన్నారు.

"మా ఇల్లు రోడ్డు దాటితే చాలు సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అంతదూరము సాధ్యపడదు."

"మల్లేశం! సముదాయం తాళంచెవి!"

ఆ మాట వినగానే నవనీత లేచి నిలబడింది. ఆమె చూపు పక్కనే ఉన్న పుస్తకాల సంచీ మీద పడింది.

"సార్, లెసన్ ప్లాన్ లేకుండ తాళం తీసుడు నిబంధనకు విరుద్ధం కద సార్?" అంది వినయంగా, హాలంతా వినబడేటట్టు.

విలేకరి మళ్లీ ఫోను పైకెత్తాడు. గజాననరావు గారు ఆ ఫోను వంక చూశారు, తన ప్రసంగాన్ని తలుచుకున్నారు, నొప్పిగా నవ్వారు.

"అమ్మాయి పలికినది యథార్థము. ప్రణాళిక ఎవరివద్దనైనా మిగిలియున్నదా?"

"నా దగ్గర ఉన్నది సార్. ఇదొక్కటే మిగిలింది." నవనీత వంగి ఫర్హానా చెవిలో చెప్పింది: "నీ కోసం దాచిందే. ఇయ్యాల ఆయనకు ఇస్తున్న. ఏమనుకోకు."

అందరూ తెర ఎదుటికి చేరారు, నల్లబల్ల కూడా మోసుకొచ్చి నిలబెట్టారు. విద్యార్థిగా ఎంపికైన గజాననరావు గారిని ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నారు. భూలక్ష్మి మేడం పరిశీలన పత్రం తీశారు. నవనీత పాయింటర్ కర్ర చేతిలోకి తీసుకుని, ఎక్కడా తొందరపడకుండా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా పాఠం మొదలుపెట్టింది.

"పిల్లలూ, అందరూ బాగున్నారా?"

"బాగున్నాం టీచర్!"

"పొద్దున నిద్ర లేవగానే మనం మొట్టమొదట ఏం చేస్తాం? నువ్వు చెప్పు బాబూ."

"మూత్ర విసర్జన!" అన్నారు గజాననరావు గారు.

"చెయ్యెత్తి చెప్పాలి."

ఆయన బల్ల అంచు వదిలి చెయ్యెత్తారు. ఆ చెయ్యెత్తడం ఆయనకు ఎంత కష్టమైందో చూసినవాళ్లకే తెలుసు.

"పూర్తి వాక్యంలో చెప్పాలి."

"ఉదయము నిద్ర లేవగానే మనము మూత్ర విసర్జన చేయుదుము!"

"చాలా బాగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టండి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మనం రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు..."

"నీళ్ల మాట ఎత్తకు తల్లీ," అన్నారాయన. ఆయన గ్రాంథికం అక్కడితో సరి. "జర జల్దీ కానియ్యి."

"పాఠంలో సోపానాలు దాటేస్తే మార్కులు పోతాయి బాబూ. సరే, నీళ్లు బాగా తాగాం. కానీ వెళ్లడానికి చోటు లేదు. ఉన్న చోటుకు తాళం వేశారు. అప్పుడేమవుతుంది?"

వెనక బల్ల మీద ఫర్హానా తల వంచుకుని కూర్చుంది. గజాననరావు గారి నుదుటి మీంచి చెమట కారి గడ్డం దాకా వచ్చింది.

"పానం పోతది," అన్నారు నిజాయితీగా.

నవనీత వెనక్కి తిరిగి ఆ మాటను నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. గుండ్రంగా రాయడానికి కాస్త సమయం పడుతుంది. రాసి, కింద గీత గీసింది. తర్వాత శీర్షిక ప్రకటించింది. ఆ తర్వాతే తెర పక్కకు లాగి, పాయింటర్ కర్ర తలుపు మీద పెట్టింది.

"ఇదేమిటి పిల్లలూ?"

"తలుపు టీచర్!"

"ఇదేమిటి?"

"తాళంకప్ప టీచర్!"

"దాని మీద ఏం రాసి ఉంది? బాబూ, నువ్వు చదువు."

గజాననరావు గారు తడబడుతూ లేచి దగ్గరికి వెళ్లి చూశారు. "బో... ఉ..."

"అంటే?"

"బోధనోపకరణం!" అంది తరగతి అంతా.

"బోధనోపకరణాన్ని వాడవచ్చా?"

"వాడకూడదు టీచర్!"

"మరి ఈ తాళంకప్పను ఇన్నాళ్లుగా, రాత్రీ పగలూ, ఎవరు వాడుతున్నారు?"

పాయింటర్ కర్ర తాళం మీదే ఉంది గానీ, చూపులన్నీ ప్రిన్సిపాల్ గారి మీదికి వెళ్లాయి. సుదర్శనాచారి గారి ముఖం పాలిపోయింది. సబ్బు అరిగితేనే హడలిపోయిన మనిషికి, తన చేతుల మీదుగానే ఒక ఉపకరణం రోజూ దుర్వినియోగమవుతోందన్న సంగతి ఇప్పుడే తెలిసింది. తన పరిశోధన అంతా కళ్లముందు కూలిపోతున్నట్టు దిక్కులు చూశారు.

"తీసెయ్!" గజాననరావు గారు గావుకేక పెట్టారు. "తాళం తీసి బీరువాల పెట్టు! మల్ల దీన్ని వాడినోన్ని సస్పెండ్ జేస్త!"

మల్లేశం తాళం తీశాడు. ఆయన లోపలికి దూసుకెళ్లిన వేగానికి తలుపు మీది పాప బొమ్మ అదిరింది. భూలక్ష్మి మేడం 'విద్యార్థి భాగస్వామ్యం' గడిలో 'అత్యుత్తమం' అని రాశారు.

చాలాసేపటికి ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ముఖం ప్రశాంతంగా ఉంది, పోయిన గ్రాంథికం కూడా తిరిగి వచ్చింది.

"ప్రదర్శనకై ఉద్దేశింపబడిన తాళముకప్పను ద్వారమునకు తగిలించి వినియోగించుట క్షమింపరాని అపరాధము. ఇకమీదట అది గాజుబీరువాలోనే యుండవలెను. ఇది నా ఆదేశము," అని అక్కడికక్కడే ప్రిన్సిపాల్ గారి చేత రాయించి సంతకం పెట్టారు. కారెక్కబోతూ ఆగి, నవనీత వంక తిరిగి, "ఇంటిపని ఇవ్వలేదేమమ్మా?" అని అడిగారు. పరిశీలకుడు ఎంతైనా పరిశీలకుడే.

"మీకు అయిపోయింది సార్," అంది నవనీత.

తాళంకప్ప ఇప్పుడు ల్యాబులో అస్థిపంజరానికి, మట్టి అరటిపండుకు మధ్యన ఉంది. తెర మీది అట్టముక్కను తీసి దాని ముందు పెట్టారు: 'ప్రదర్శనకు మాత్రమే'. సుదర్శనాచారి గారు ఊరుకోలేదు, బజారు నుంచి కొత్త తాళం తెప్పించారు. కానీ అది గేటు దాటి లోపలికి రాగానే మల్లేశం కుంచె పట్టుకుని ఎదురొచ్చాడు. "నంబరు లేకుండ ఎట్ల సార్?" అన్నాడు. నంబరు పడ్డాక అది కూడా బీరువాలోకే వెళ్లింది. దాని తర్వాత తెప్పించినదీ అక్కడికే చేరింది. ఇప్పుడు ఆ బీరువాలో తాళాల కొలువే ఉంది. ప్రిన్సిపాల్ గారు వచ్చినవాళ్లకల్లా దాన్ని గర్వంగా చూపించి, తాళాల మీద ఒక పరిశోధన పత్రం రాస్తున్నానని చెబుతున్నారు.

పరిశీలకులు వెళ్లిన ఆ మధ్యాహ్నం లైబ్రరీ తెరిచారు. ఫర్హానా సంచీ భుజాన వేసుకుని, నవనీతతో కలిసి అటు బయల్దేరింది. దారిలో మరుగుదొడ్డి కనిపించింది. తెర పక్కకు లాగినట్టే ఉంది, తాళం లేదు, లెసన్ ప్లాన్ అడిగేవాళ్లూ లేరు. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత సంచీ నవనీత చేతికిచ్చి, సీసా మూత తీసి, గటగటా తాగేసింది. మళ్లీ నింపుకుని మళ్లీ తాగింది. లైబ్రరీకి మాత్రం వెళ్లలేదు. పుస్తకాలు ఇద్దరూ చెరో సగం మోసుకుని బస్సెక్కారు.

సాయంత్రం గుమ్మంలో వాళ్లమ్మ సీసా అందుకుని, మూత తీసి, అలవాటు కొద్దీ కరివేపాకు చెట్టు మొదట్లో వంచింది. ఒక్క చుక్క కూడా రాలేదు. ఆవిడ సీసాను మళ్లీ ఒకసారి దులిపి చూసి, బిడ్డ ముఖం వంక చూసి, చెట్టుకు నీళ్లు తేవడానికి చెంబు పట్టుకుని లోపలికి వెళ్లింది.